నక్షత్రాల లెక్క తేల్చిన చంద్రశేఖర్

పోయిన నెల మన గోడపత్రికలో సర్ సి.వి. రామన్ గారి గురించి చదివారు. అంతకుముందు కొమరం భీం గురించి, అల్లూరి సీతారామరాజు గురించి చదివారు. ఈ నెల నేను రామన్ గారి అన్న కొడుకు గురించి రాస్తున్నాను. ఆయన పేరు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. తెలిసినవాళ్ళంతా ‘చంద్ర’ అనేవారు. బాబాయికి వచ్చినట్టే ఈయనకూ నోబెల్ బహుమతి వచ్చింది. అయితే నేను రాస్తున్నది బహుమతి వచ్చిందని కాదు.

మన లెక్కల పీరియడ్లో రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది కదా! ఈ లెక్క దేనికి పనికొస్తుంది అని. సంతలో చింతపండు తూకం చూసుకోవడానికి, షావుకారు బాకీ కట్టుకోవడానికి కూడికలు, తీసివేతలు చాలు కదా, ఇవన్నీ ఎందుకు అని. నేను కూడా అడిగినదాన్నే. చంద్రశేఖర్ గారి జీవితం చదివాక ఆ ప్రశ్నకు నాకు ఒక జవాబు దొరికింది. ఆయన వేసిన ఒక లెక్క ముప్పై ఏళ్ళు పుస్తకంలో పడి ఉండి, ఆ తర్వాత ఎవరూ అనుకోని చోట పనికొచ్చింది. ఆ చోటు కృష్ణబిలం అంచు. అదెలాగో ఓపికగా చదవండి.

పుట్టుక, చదువు

చంద్రశేఖర్ 1910 అక్టోబరు 19న లాహోర్లో పుట్టారు. అప్పటికి దేశం విడిపోలేదు. ఇప్పుడా ఊరు పాకిస్తాన్లో ఉంది. తండ్రి సుబ్రహ్మణ్య అయ్యర్ గారు రైల్వే లెక్కల శాఖలో పెద్ద ఉద్యోగి. తల్లి సీతాలక్ష్మి గారు. పదిమంది పిల్లల్లో చంద్ర మూడోవాడు, మగపిల్లల్లో పెద్దవాడు. వాళ్ళది తమిళ కుటుంబమే గాని మన వైపుతో ఒక సంబంధం ఉంది. తాతగారు చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవారు. రామన్ గారు చిన్నప్పుడు చదువుకున్నది కూడా విశాఖపట్నంలోనే. ఆ తాతగారి పేరే మనవడికి పెట్టారు.

పన్నెండేళ్ళు వచ్చేదాకా చంద్ర బడికి పోలేదు. ఇంట్లోనే అమ్మానాన్నలు, ఇంటికి వచ్చే మాష్టార్లు చదువు చెప్పారు. 1918లో కుటుంబం మద్రాసు చేరింది. అక్కడ ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో, తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. సీతాలక్ష్మి గారు పెద్ద చదువులు చదవకపోయినా సొంతంగా ఇంగ్లీషు నేర్చుకుని ఇబ్సెన్ నాటకం ఒకటి తమిళంలోకి మార్చారు. ఆ ఇంట్లో పుస్తకం అంటే ఎంత ఇష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాలేజీలో ఉండగానే, 1929లో, చంద్ర రాసిన పరిశోధన వ్యాసం లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జికి వెళ్ళి చదవడానికి ప్రభుత్వం స్కాలర్‌షిప్పు ఇచ్చింది. అదే సమయంలో అమ్మకు జబ్బు చేసింది. మంచం మీద ఉన్న అమ్మను వదిలి సముద్రం దాటడం ఎలాగని ఆయన వెనకాడారు. ఆ అమ్మే పట్టుబట్టి పంపించింది. 1930 జూలై 31న బొంబాయిలో ఓడ ఎక్కారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్ళు. మళ్ళీ అమ్మను చూడలేదు. 1931 మే నెలలో ఆమె చనిపోయారు. ఆయన అప్పుడు ఇంగ్లండులోనే ఉన్నారు.

హాస్టలుకు వచ్చే ముందు రోజు మన అమ్మలు కూడా ఇలాగే కదా! తమ కష్టం చెప్పకుండా పెట్టె సర్ది బస్సెక్కిస్తారు. ఈ భాగం చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఓడలో చేసిన లెక్క

ఓడ ప్రయాణం దాదాపు పందొమ్మిది రోజులు. చంద్ర ఊరికే కూర్చోలేదు. నక్షత్రం చనిపోతే ఏమవుతుంది అనే లెక్క మొదలుపెట్టారు.

నక్షత్రం లోపల రెండు బలాలు ఎప్పుడూ తోసుకుంటూ ఉంటాయి. గురుత్వాకర్షణ లోపలికి నొక్కుతుంది. లోపలి మంట వేడి బయటికి తోస్తుంది. పొయ్యిలో కట్టె అయిపోయినట్టు నక్షత్రంలో ఇంధనం అయిపోతే బయటికి తోసేది తగ్గిపోతుంది. అప్పుడు నక్షత్రం కుంచించుకుపోతుంది. మన సూర్యుడంత నక్షత్రం చివరకు భూమి అంత ముద్ద అవుతుంది. దాన్ని శ్వేతకుబ్జం అంటారు. ఆ పదార్థం ఒక చెంచాడు తీస్తే టన్నుల బరువు ఉంటుంది.

మరి అక్కడితో ఎందుకు ఆగుతుంది? సంత రోజు జీపు చూడండి. లోపల కూర్చున్నవాళ్ళు, పక్కన వేలాడేవాళ్ళు, ఇక ఒక్క మనిషికి చోటుండదు. ఎంత నెట్టినా సర్దుకోరు. ఎలక్ట్రాన్లు కూడా అంతే. ఒకదాని చోటులో ఇంకొకటి చేరడానికి ఒప్పుకోవు. ఆ మొండితనమే నక్షత్రాన్ని నిలబెడుతుంది. ఇంతవరకు అప్పటి శాస్త్రవేత్తలకు తెలుసు. అన్ని నక్షత్రాలూ చివరకు ఇలా శ్వేతకుబ్జాలై చల్లారిపోతాయని వాళ్ళు నమ్మారు.

చంద్ర ఇంకో మెట్టు వేశారు. అంత ఇరుకులో నొక్కితే ఎలక్ట్రాన్లు కాంతి వేగానికి దగ్గరగా పరుగెడతాయి. అప్పుడు ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం కూడా లెక్కలోకి తీసుకోవాలి. తీసుకుంటే వింత జవాబు వచ్చింది. ఎలక్ట్రాన్ల మొండితనానికి ఒక హద్దు ఉంది! నక్షత్రం బరువు ఆ హద్దు దాటితే అవి ఆపలేవు. తర్వాత సరిచూసుకుని తేల్చిన లెక్క ప్రకారం ఆ హద్దు సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. దీన్నే ఇప్పుడు ‘చంద్రశేఖర్ అవధి’ అంటారు.

హద్దు దాటిన నక్షత్రం శ్వేతకుబ్జంగా నిలవలేదు. కొన్ని న్యూట్రాన్ నక్షత్రాలుగా ఆగుతాయి. మరీ బరువైనవి ఎక్కడా ఆగవు. అవే కృష్ణబిలాలు. వాటి దగ్గరి నుంచి వెలుతురు కూడా తిరిగి రాలేదు.

నిండు సభలో నవ్వులు

1933లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ వచ్చింది. ట్రినిటీ కాలేజీలో ఫెలోషిప్పు కూడా ఇచ్చారు. అప్పట్లో నక్షత్రాల గురించి ఎడింగ్టన్ గారి మాటే చివరి మాట. ఆయన తరచూ చంద్ర గదికి వచ్చి లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూసేవారు. ఇంత పెద్దాయన నా పని చూస్తున్నారు కదా, మెచ్చుకుంటారు అని చంద్ర అనుకుని ఉంటారు.

1935 జనవరి 11న లండన్లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ జరిగింది. చంద్ర తన లెక్క చెప్పి కూర్చున్నారు. వెంటనే ఎడింగ్టన్ లేచారు. ఈ లెక్క పునాదే తప్పు అన్నారు. నక్షత్రం అలా హద్దు లేకుండా కూలిపోతే అది వింతగా ఉంటుంది గనక ప్రకృతిలో దాన్ని ఆపే నియమం ఏదో ఉండి తీరాలని వాదించారు. ఎగతాళి చేశారు. సభంతా నవ్వింది. ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడికి మళ్ళీ మాట్లాడే అవకాశం దొరకలేదు.

గట్టి శాస్త్రవేత్తలు కొందరు చంద్ర చెప్పింది నిజమేనని చాటుగా ఒప్పుకున్నారు. బయటికి వచ్చి ఎడింగ్టన్‌ను కాదనలేదు. చంద్ర చెప్పింది సరైనదని లోకమంతా ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

ఇక్కడ ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. పోట్లాడుతూ కూర్చోలేదు. లెక్కను చించి పారేయనూ లేదు. 1939లో నక్షత్రాల నిర్మాణం మీద ఒక పెద్ద పుస్తకం రాసి, తన లెక్కను అందులో భద్రంగా పెట్టి, ఇంకో విషయం మొదలుపెట్టారు. ఎడింగ్టన్‌తో స్నేహం కూడా చెడగొట్టుకోలేదు. ఎడింగ్టన్ 1944లో చనిపోయారు. ఆయన పుట్టి నూరేళ్ళయిన 1982లో కేంబ్రిడ్జిలో ఆయన గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చింది ఎవరనుకున్నారు? చంద్రశేఖరే!

ఒక విషయం, ఒక పుస్తకం

1936లో మద్రాసు వచ్చి లలిత గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆమె కూడా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన మనిషే. 1937లో ఇద్దరూ అమెరికా వెళ్ళారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యెర్క్స్ నక్షత్రశాలలో ఉద్యోగం. అక్కడా రంగు గొడవ తప్పలేదు. 1938లో ఆయన్ను షికాగోకు వచ్చి పాఠం చెప్పమన్నప్పుడు, నల్లని మనిషి మా దగ్గర పాఠం చెప్పకూడదని అక్కడి డీన్ ఒకాయన అడ్డుపడ్డారు. విశ్వవిద్యాలయం ప్రెసిడెంటు హచిన్స్ ఆ మాట వినలేదు, చెప్పి తీరాలన్నారు. చంద్ర వెళ్ళి పాఠం చెప్పారు. ఆ విశ్వవిద్యాలయంలోనే బతికినంత కాలం ఉన్నారు.

ఆయన పద్ధతి ఒకటుంది. ఒక విషయం తీసుకుంటారు. కొన్నేళ్ళపాటు దాన్ని అడుగు దాకా తవ్వుతారు. తెలిసిందంతా ఒక పుస్తకంగా రాస్తారు. దాన్ని అక్కడ వదిలేసి కొత్త విషయం దగ్గర మొదటి తరగతి పిల్లవాడిలా కూర్చుంటారు. పోడు కొట్టి, పండించి, ఇంకో చోటికి పోయినట్టు. నక్షత్రాల నిర్మాణం, నక్షత్ర గుంపుల కదలిక, వెలుతురు ప్రయాణం, ఇలా ఒక్కొక్కటి. దాంతోపాటు 1952 నుంచి 1971 వరకు ‘ఆస్ట్రోఫిజికల్ జర్నల్’ అనే పెద్ద పత్రికకు సంపాదకుడిగా కూడా పనిచేశారు.

1961లో వచ్చిన పుస్తకం ద్రవాలు, అయస్కాంతాల గురించి. ఆరు వందల యాభై పేజీలకు పైగా ఉంటుంది. అందులో ఒకచోట ఇలాంటి లెక్క ఉంది: ఒక గొట్టంలో ఇంకో గొట్టం పెట్టి, మధ్యలో విద్యుత్తు ప్రవహించగల ద్రవం పోసి తిప్పితే, ఆ ద్రవం నెమ్మదిగా తిరుగుతుందా, చెదిరిపోతుందా? అయస్కాంతం లేకపోతే నెమ్మదిగా తిరిగే ద్రవం, కొద్దిపాటి అయస్కాంత క్షేత్రం పెడితే చెదిరిపోతుందని లెక్క చెప్పింది. క్షేత్రం ఎంత బలహీనమైనా సరే! లోపలి భాగం బయటి భాగం కంటే త్వరగా చుట్లు తిరుగుతుంటే చాలు. 1959లో రష్యాలో వెలిఖోవ్ అనే శాస్త్రవేత్త, 1960లో చంద్రశేఖర్ విడివిడిగా ఈ సంగతి కనుక్కున్నారు.

రెండు గొట్టాల మధ్య ద్రవం! దీనితో ఎవరికి పని? ఆ లెక్క అలాగే పుస్తకంలో ఉండిపోయింది.

కృష్ణబిలంలో పడటం సులువు కాదు

ఇప్పుడు కృష్ణబిలం దగ్గరికి వెళ్దాం. కృష్ణబిలం అన్నిటినీ పీల్చేసుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మన సూర్యుడు ఉన్నట్టుండి అంతే బరువున్న కృష్ణబిలం అయిపోయాడనుకోండి. దాని వ్యాసార్థం 3 కిలోమీటర్లే ఉంటుంది. వెలుతురు ఉండదు, చలికి చచ్చిపోతాం, అది నిజమే. కాని భూమి మాత్రం అందులో పడిపోదు. ఇప్పుడు తిరిగినట్టే దూరం నుంచి తిరుగుతూ ఉంటుంది.

ఎందుకంటే పక్కకి వేగం ఉన్న వస్తువు సూటిగా కిందపడదు, చుట్టూ తిరుగుతుంది. జొన్నచేలో పిట్టల్ని తోలే వడిసెల తిప్పినవాళ్ళకు ఈ సంగతి చెయ్యే చెబుతుంది. ఇంకో ప్రయోగం చేయండి. ఖాళీ పెన్ను గొట్టంలోంచి దారం దూర్చి, పై కొసకు చిన్న రాయి కట్టి తిప్పండి. తిరుగుతుండగా కింది కొసను లాగండి. దారం పొట్టి అయ్యేకొద్దీ రాయి జోరు పెరుగుతుంది. ఆ తిరుగుడు సొత్తును మన పుస్తకాల్లో కోణీయ ద్రవ్యవేగం అంటారు. ఎవరికైనా ఇస్తే తప్ప అది పోదు.

నక్షత్రం నుంచి వచ్చిన వాయువు కృష్ణబిలం వైపు వచ్చినప్పుడు ఇదే జరుగుతుంది. సూటిగా పడలేక చుట్టూ తిరుగుతూ పళ్ళెంలా పరుచుకుంటుంది. దీన్ని అక్రీషన్ డిస్క్ అంటారు. మనం కృష్ణబిలపు పళ్ళెం అనుకుందాం.

ఈ పళ్ళెం తిరగడం మన కళ్ళంలో ఎడ్లు తిరిగినట్టు కాదు. కళ్ళంలో గుంజ చుట్టూ ఎడ్లను వరసగా కట్టి తొక్కిస్తారు. లోపలి ఎద్దు మెల్లగా నడుస్తుంది, బయటి ఎద్దు పరుగెత్తాలి. పళ్ళెంలో తిరగేసి ఉంటుంది. లోపలిది పరుగెడుతుంది, బయటిది మెల్లగా పోతుంది. బుధుడు సూర్యుణ్ణి 88 రోజుల్లో చుట్టేస్తాడు, భూమికి 365 రోజులు కావాలి. అదే నియమం.

ఇక చిక్కు చూడండి. తిరిగేది తిరుగుతూనే ఉంటే లోపలికి ఎలా పడుతుంది? పడాలంటే తన తిరుగుడు సొత్తును బయట ఉన్నవాళ్ళకు ఇచ్చెయ్యాలి. ఎవరు తీసుకుంటారు, ఎలా తీసుకుంటారు? ఒకదానికొకటి రాసుకుని ఇచ్చిపుచ్చుకుంటాయనుకుంటే, ఆ వాయువుకు రాపిడి చాలా తక్కువ. ఆ రాపిడితో అయితే ఎన్నాళ్ళయినా లోపలికి చేరదు. కాని ఆకాశంలో చూస్తే పడుతోంది! 1963లో క్వాసార్లు చాలా దూరంలో ఉన్నాయని తెలిసింది. అంత దూరం నుంచి అంత వెలుతురు రావాలంటే పెద్ద కృష్ణబిలాల్లో పదార్థం పడుతూ ఉండాలని 1964లో శాల్‌పీటర్, జెల్‌దోవిచ్ చెప్పారు. 1973లో రష్యా శాస్త్రవేత్తలు షకూరా, సున్యాయెవ్ ఈ పళ్ళెం లెక్క మొత్తం కట్టారు. కాని రాపిడి ఎక్కడినుంచి వస్తుందో తెలియక, ఆ చోట ‘ఆల్ఫా’ అని ఒక అక్షరం పెట్టి ముందుకు సాగారు. మనం తెలియని దానికి ‘ఎక్స్’ పెట్టుకున్నట్టు.

సైకిల్ ట్యూబు ఆట

1991లో అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయంలో బాల్బస్, హాలీ అనే ఇద్దరు జవాబు కనుక్కున్నారు. చంద్రశేఖర్ ముప్పై ఏళ్ళ కిందట రెండు గొట్టాల మధ్య ద్రవానికి కట్టిన లెక్కే ఇక్కడ పనిచేస్తుందని తేల్చారు. పళ్ళెంలో వాయువు వేడికి విద్యుత్తును మోయగలిగే స్థితిలో ఉంటుంది. అందులో కొద్దిగా అయస్కాంత క్షేత్రం ఉండనే ఉంటుంది. లోపలిది బయటిదానికంటే త్వరగా తిరుగుతుంది. చంద్ర చెప్పిన షరతులన్నీ ఉన్నాయి!

మా సైన్సు మాష్టారు దీన్ని ఆటల పీరియడ్లో ఆడించి చూపించారు. జెండా కర్ర చుట్టూ సున్నంతో రెండు గీతలు గుండ్రంగా గీశారు. లోపలి గీత మీద ఒక అమ్మాయి, బయటి గీత మీద ఇంకో అమ్మాయి. ఇద్దరి చేతుల్లో పొడుగ్గా కోసిన సైకిల్ ట్యూబు ముక్క కొసలు. లోపలి అమ్మాయి జోరుగా, బయటి అమ్మాయి మెల్లగా పోవాలి. కొంచెం సేపటికి లోపలి అమ్మాయి ముందుకు పోయింది, ట్యూబు సాగింది. సాగిన ట్యూబు లోపలి అమ్మాయిని వెనక్కి లాగింది, బయటి అమ్మాయిని ముందుకు లాగింది.

మనకు కాళ్ళున్నాయి గనక గీత మీదే ఉంటాం. కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువుకు కాళ్ళు లేవు. వెనక్కి లాగితే దాని తిరుగుడు సొత్తు తగ్గి, ఇంకా లోపలికి జారుతుంది. లోపలికి జారితే ఇంకా త్వరగా తిరుగుతుంది. ముందుకు లాగబడ్డది సొత్తు పెరిగి బయటికి జరుగుతుంది, మెల్లగా తిరుగుతుంది. ఇద్దరి మధ్య దూరం పెరిగి ట్యూబు మరింత సాగుతుంది, మరింత లాగుతుంది. ఒకసారి మొదలైతే ఆగదు. అయస్కాంత క్షేత్రం చేసేది ఈ ట్యూబు పనే. ట్యూబు బదులు గట్టి కర్ర పట్టుకుంటే ఇద్దరూ కలిసే తిరుగుతారు, ఏమీ జరగదు. అందుకే క్షేత్రం బలహీనంగా ఉంటేనే ఈ పని అవుతుంది. ఇలా పళ్ళెం అంతా సుడులు రేగి, కొంత పదార్థం సొత్తు వదిలి లోపలికి, కొంత సొత్తు పుచ్చుకుని బయటికి పోతుంది. గొట్టాల మధ్య ద్రవలోహం పోసి తిప్పి, ఇది నిజంగా జరుగుతుందని 2022లో ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్తలు చూపించారు.

లోపలికి జారేకొద్దీ వేగం, వేడి పెరుగుతాయి. తనలో తాను తిరగని కృష్ణబిలమైతే, దాని వ్యాసార్థానికి మూడు రెట్ల దూరం దాకా పదార్థం గుండ్రంగా తిరగగలదు. అక్కడ దాని వేగం కాంతి వేగంలో సగం! ఆ గీత దాటితే ఇక తిరగడం లేదు, పడటమే. సూర్యుడికి పదిరెట్ల బరువున్న కృష్ణబిలానికి ఆ గీత 90 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఇలాంటి కృష్ణబిలాల పళ్ళెం లోపలి అంచు కోటి డిగ్రీల దాకా వేడెక్కి ఎక్స్‌కిరణాలు చిమ్ముతుంది.

ఎంత శక్తి వస్తుందో చూడండి. సూర్యుడిలో ఒక కిలో హైడ్రోజన్ మండితే 7 గ్రాములు శక్తిగా మారుతుంది. కృష్ణబిలపు పళ్ళెంలో ఒక కిలో పదార్థం జారితే 60 గ్రాముల దాకా శక్తిగా మారుతుంది. మహా జోరుగా తిరిగే కృష్ణబిలమైతే 400 గ్రాముల దాకా మారవచ్చని లెక్క. వెలుతురే బయటికి రాని కృష్ణబిలం చుట్టూ లోకంలోకెల్లా పెద్ద వెలుగు ఉండటానికి కారణం ఇదే.

చివరి రోజులు

చంద్రశేఖర్ అరవై ఏళ్ళు దాటాక కృష్ణబిలాల లెక్కలు మొదలుపెట్టారు. పంతొమ్మిదో ఏట ఓడలో ఏ దారి తెరిచారో, మళ్ళీ ఆ దారి చివరికే వచ్చారన్నమాట. కృష్ణబిలాల గణితం మీద ఆయన పుస్తకం 1983లో వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 19న, సరిగ్గా ఆయన 73వ పుట్టినరోజున, నోబెల్ బహుమతి ప్రకటించారు. విలియం ఫౌలర్ అనే శాస్త్రవేత్తతో కలిపి ఇచ్చారు. అంతకుముందే 1968లో మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది.

బహుమతి వచ్చాక కూడా పని ఆపలేదు. న్యూటన్ పుస్తకాన్ని అందరికీ అర్థమయ్యేలా వివరిస్తూ రాసిన పుస్తకం 1995లో వచ్చింది. ఆ ఏడాదే ఆగస్టు 21న షికాగోలో గుండెజబ్బుతో చనిపోయారు. ఆయన వయసు 84 ఏళ్ళు.

ఎక్స్‌కిరణాలు గాలి పొరలు దాటి నేలకు రావు. వాటిని చూడాలంటే దూరదర్శినిని అంతరిక్షంలో పెట్టాలి. 1999 జూలై 23న అమెరికా అలాంటి పెద్ద దూరదర్శినిని పైకి పంపింది. దానికి ‘చంద్ర’ అని ఆయన పేరే పెట్టారు. 2024 నాటికి పాతికేళ్ళుగా అది ఆకాశంలో పనిచేస్తూ కృష్ణబిలపు పళ్ళేల్ని చూస్తూ వచ్చింది. అది చూసినవాటిలో హంస నక్షత్రరాశిలోని సిగ్నస్ ఎక్స్-1 ఒకటి. అది 7,000 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది, సూర్యుడికి సుమారు 21 రెట్ల బరువు. ఒక పెద్ద నీలి నక్షత్రం, ఆ కృష్ణబిలం ఐదున్నర రోజులకు కొంచెం పైగా ఒక చుట్టు చొప్పున ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. నక్షత్రం నుంచి వీచే వాయువే దాని పళ్ళెంలో పడుతుంది. 2019 ఏప్రిల్ 10న ఎం87 అనే నక్షత్రమండలం నడుమ ఉన్న కృష్ణబిలం బొమ్మను కూడా ప్రపంచం చూసింది. చుట్టూ వెలిగే వలయం, నడుమ చీకటి. దాని బరువు 650 కోట్ల సూర్యుళ్ళంత.

మనకేమిటి?

మిత్రులారా, చంద్రశేఖర్ రెండు లెక్కలు వేశారు. మొదటిదాన్ని చూసి సభ నవ్వింది. రెండోదాన్ని చూసి నవ్వలేదు గాని, కృష్ణబిలం పళ్ళేలకు అది తాళంచెవి అని ఎవరూ గుర్తించలేదు. రెండూ నిజాలే గనక రెండూ నిలిచాయి. వాటిని ఆయన సగంలో వదలకుండా, ఇంకొకరు చదివి అర్థం చేసుకునేలా పూర్తిగా రాసిపెట్టారు. అందుకే ముప్పై ఏళ్ళ తర్వాత బాల్బస్, హాలీలకు దొరికింది. రాసిపెట్టకపోతే దొరికేది కాదు.

కాబట్టి ఈ లెక్క దేనికి పనికొస్తుంది అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. ఇవాళ తెలియకపోవచ్చు. కాని సరిగ్గా చేసి, అన్ని మెట్లూ రాసి ఉంచితే, అది ఎదురుచూస్తూ ఉంటుంది. జవాబు ఒక్కటే గీకి మెట్లు ఎగ్గొట్టే అలవాటు ఉన్నవాళ్ళు (ఎవరో మీకే తెలుసు!) ఈ సంగతి ఆలోచించాలి.

మన కొండల్లో వీధిదీపాల గొడవ లేదు. ఆకాశం చక్కగా కనిపిస్తుంది. వానలు తగ్గాక అక్టోబరులో, ఆయన పుట్టిన నెలలో, రాత్రి భోజనాలయ్యాక ఉత్తరం వైపు ఎత్తుగా చూడండి. శిలువ ఆకారంలో నక్షత్రాలు కనిపిస్తాయి. అదే హంస నక్షత్రరాశి. సిగ్నస్ ఎక్స్-1 మన కంటికి కనబడదు. కాని ఆ వైపు ఇప్పుడు కూడా కొంత పదార్థం తన సొత్తు పక్కవాళ్ళకు ఇచ్చేసి లోపలికి జారుతూ ఉంటుంది.

పెన్ను గొట్టం ప్రయోగం చేసినవాళ్ళు ఏం చూశారో ఒక కాగితం మీద రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి. మంచివి వచ్చే నెల అతికిస్తాం.

— పదవ తరగతి విద్యార్థిని